అరిచినా చెప్పమన్న మామ

పోయిన వారం వేముల నుంచి ఒకామె చీరె, జాకెట్టు ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చీరె ఉల్లిపొట్టు రంగు. ముక్క కూడా అదే రంగని ఎవరో ఇస్తే కొనుక్కొచ్చింది. ట్యూబులైటు కింద రెండూ కలిసిపోయే ఉన్నాయి. వరండాలోకి తెచ్చి పరిచేసరికి ముక్క గులాబీ వైపు వెళ్లింది, చీరె గోధుమ వైపు వెళ్లింది. ఆమె మొహం చిన్నబోయింది. పక్కంగట్లో మామ ఉండి ఉంటే ఆ ముక్క గడప దాటేది కాదు. మామ పోయి ఏడాది దాటింది. ఆయన రంగుల తానులు పేర్చుకున్న అరల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లకు తొడిగే కవర్లు వేలాడుతున్నాయి.

మామ అంటే వరసకు మామ కాదు. నాది లింగాల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. ఆయనది ప్రొద్దుటూరులో తాతల నాటి నుంచి గుడ్డల వ్యాపారం చేసే ఇల్లు. పెళ్లయి ఈ ఊరొచ్చి, ఆయన మ్యాచింగ్ సెంటరు పక్కగదిలో కుట్టు మిషను వేసుకున్న రోజు నుంచి మామా అని పిలిచాను. అంగడి వెనకే వాళ్ల కాపురం, ఆయన భార్య నాకు అత్త అయింది. ఆయన నన్ను పాపా అనేవాడు. కోపమొస్తే ఏమ్మే అనేవాడు. ఏమ్మే అన్న రోజులే ఎక్కువ.

ఆయన అంగట్లో కూర్చుని రంగు చూసిన పాపాన పోలేదు. చీరె కొంగు ఒక చేత్తో పట్టుకుని, భుజాన తానులు వేసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయేవాడు. ఆటోలు హారన్లు కొట్టేవి, మోటారు సైకిళ్లవాళ్లు పక్కనుంచి గొణుక్కుంటూ పోయేవాళ్లు. ఆయన వినేవాడు కాదు. ఎండలో కొంగును తాను మీద పెట్టి, తల పక్కకు తిప్పుకుని కరెంటు స్తంభం వైపు చూసేవాడు. తర్వాత చటుక్కున తల తిప్పి రంగును చూసేవాడు. అది రంగు చూసినట్టుండేది కాదు, దొంగను పట్టుకున్నట్టుండేది.

"ఎందుకు మామా ఆ తిప్పుడు?" అని అడిగితే, "అదే పనిగా చూస్తాంటే కన్ను మనకు నచ్చేదే చెప్తాది పాపా. దానికి తెలీకుండా చూడల్ల" అనేవాడు.

మబ్బు పట్టిన రోజు బేరమే లేదు. జమ్మలమడుగు నుంచి, దువ్వూరు నుంచి బస్సెక్కి వచ్చిన ఆడవాళ్లను కూడా "రేపు రామ్మా, ఈ పొద్దు ఎలుతురు బాగలేదు" అని పంపేసేవాడు. వాళ్లు మెట్లు దిగుతూ నాకు వినపడేలా తిట్టుకునేవాళ్లు. మర్నాడు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయనిచ్చిన ముక్క కుట్టేటప్పుడు నేను చీరె పక్కన పెట్టి చూసుకునేదాన్ని కూడా కాదు.

ఇదంతా వీధికి తెలిసిన మామ. మేడ మీద ఇంకో మామ ఉండేవాడు.

ఎండాకాలం మధ్యాహ్నాలు ప్రొద్దుటూరు అంగళ్లు షట్టర్లు సగం దించుకుని కునికిపాట్లు పడతాయి. ఆ వేళకి పై గదిలోంచి స్పిరిట్ వాసన నా గదిలోకి దిగేది. మొదట్లో ఓర్చుకున్నాను. ఒకనాడు పెళ్లికూతురి జాకెట్టు మిషను మీద ఉండగా ఆ వాసన గుప్పున కొట్టింది. నాకు నోరు పెద్దదని వీధంతా చెప్పుకుంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. సూది అట్లాగే వదిలేసి మేడెక్కాను.

తలుపు తోశాను. ఆయన లుంగీ, బనీను మీద ఉన్నాడు. బనీను నిండా అన్ని రంగుల తుంపర్లు. అత్త పాత చీరె ముక్క ముక్కుకు కట్టుకున్నాడు. కుడిచేతిలో రంగు కొట్టే పెన్నంత గన్ను, దాని తోక నుంచి సన్న పైపు మూలనున్న కంప్రెషరు దాకా పోయింది. ఎడమచేతిలో ఒక పుల్ల, పుల్లకు గుచ్చిన యుద్ధ విమానం బొమ్మ. అరచేతికి కాస్త పెద్దది. దాని పొట్టకు టేపు చుట్టి ఉంది. వీపు మట్టి రంగులో ఉంది.

"మామా, ఈ వాసనకు నా పెండ్లి జాకెట్టు..."

"ఏమ్మే, గమ్మునుండు. ఈ రెక్క అయినాంక తిడుదువుగాని."

నేను నిలబడిపోయాను. ఆ గన్ను నుంచి వచ్చేది రంగంటే నమ్మబుద్ధి కాలేదు. ఒకసారి రెక్క మీద తిప్పితే ఏమీ కనపడలేదు. మళ్లీ తిప్పాడు, ఆగాడు, ఊపిరి వదిలాడు, మళ్లీ తిప్పాడు. మట్టి రంగు మీద మెల్లగా ముదురాకుపచ్చ మచ్చ ఒకటి తేలింది. దాని అంచు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించలేం. ఆయన గన్ను పక్కన పెట్టి, ముక్కుగుడ్డ కిందికి లాక్కుని నా వైపు తిరిగాడు.

"ఊ, ఇప్పుడు తిట్టు."

నాకు తిట్లు గుర్తు రాలేదు. నా జీవితంలో అది అరుదు.

అప్పటికే అద్దాల అల్మారా నిండా విమానాలున్నాయి. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తాయి, అతికించి రంగు వేసుకోవాలి. మొదట ఆయన జమ్మలమడుగు రోడ్డులో మోటారు సైకిళ్లకు రంగు కొట్టే షెడ్డులో పెద్ద గన్ను బతిమాలి తెచ్చుకున్నాడట. మీట ఒక్కసారి నొక్కేసరికి విమానం, దాన్ని పట్టుకున్న చెయ్యి, వెనక గోడ అన్నీ ఒకే పచ్చగా అయిపోయాయట. ఆ గోడ మచ్చను చూపించి మరీ చెప్పాడు. మద్రాసు నుంచి ఈ చిన్న గన్ను తెప్పించుకున్నది ఆ తర్వాతే.

నేల మీది పొలాలు, గుట్టలు, చెట్లలో కలిసిపోయేలా యుద్ధ విమానం వీపు మీద రెండు మూడు రంగులు మచ్చలు మచ్చలుగా వేస్తారు. కింది నుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోయేలా పొట్టకు లేత నీలం వేస్తారు. ముందు లేత రంగు, అది మిగలాల్సిన చోటు కప్పేసి తర్వాతి రంగు, దాన్నీ కప్పేసి ఇంకోటి. ఆ కప్పడంలోనే పనంతా ఉంది. టేపు అంటిస్తే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. మెత్తగా రావాలంటే కాగితం కాస్త ఎత్తులో నిలబెట్టి, దాని కిందికి రంగు కొంచెం దూరేలా కొట్టాలి.

మచ్చల ఆకారంలో ఆ కాగితాలు కత్తిరించడం ఆయనకు చేతకాలేదు. రెక్క మీద సరిపోయిన మచ్చ విమానం ఒంటి దగ్గరికి వచ్చేసరికి తెగిపోయేది. నేను చూసి, "చెయ్యి అతికేకాడ డిజైను కలపాల్సిందే కదా మామా, జాకెట్టుకు చేసినట్ల" అని, కింది నుంచి నేను జాకెట్ల కొలతలు గీసుకునే డ్రాఫ్టు కాగితం తెచ్చి రెక్క వంపుకు కత్తిరించి ఇచ్చాను. ఈసారి మచ్చ తెగకుండా ఒంటి మీదికి నున్నగా పాకింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇన్నాళ్లు పక్కనే ఉండి యాడ సచ్చినావు?" అన్నాడు. ఆయన మెచ్చుకోలు అట్లాగే ఉండేది. ఆ రోజు నుంచి ఆ వాసనకు నేనూ బాధ్యురాలినైపోయాను.

కాగితాన్ని ఎత్తులో నిలబెట్టడానికి బంక ముద్దలేవో అమ్ముతారట. అవి వచ్చేదాకా ఆగలేక ఆయన ఒకసారి వంటింట్లోంచి చపాతీ పిండి తెచ్చాడు. సన్నగా తాడులా చేసి, దాని మీద కాగితం నిలబెట్టి రంగు కొట్టాడు. బ్రహ్మాండంగా కుదిరిందని నన్ను పిలిచి చూపించాడు. సాయంత్రం పిండి తీసేసరికి అది ఆనిన చోటల్లా రంగు లేచిపోయింది. అత్త పిండి కలిపేటప్పుడు నూనె వేస్తుంది. "పిండిలో నూనె ఎందుకేసినావు?" అని ఆమె మీద అరిచాడు. అత్త చపాతీ కర్ర పట్టుకునే వంటింట్లోంచి వచ్చి, "చపాతీకి కలుపుకున్నా. ఇమానానికని ముందే చెప్పింటే నూనె లేకుండానే కలుపుదును" అంది. ఆ రాత్రి ఇంట్లో అన్నమే. మర్నాడు ఆయన నూనె లేని పిండి తనే కలుపుకున్నాడు. అది ఎండకు పగిలింది. మూడో రోజు నీళ్లు కాస్త ఎక్కువ పోసి మళ్లీ కలుపుకున్నాడు. బంక ముద్దలు పార్సిలులో వచ్చేనాటికి ఆయనకు పిండి కుదిరింది. పార్సిలు విప్పనే లేదు.

రంగుల సీసాల మీద ఆయన రాసుకున్న పేర్లు చదివితే నవ్వొచ్చేది. బెల్లం రంగు, ముదురు మెంతి, పాచి పచ్చ, ఏనుగు రంగు, పాలపిట్ట పొట్ట. యుద్ధానికి వెళ్లే విమానాలన్నీ మా వీధి చీరెలే కట్టుకుని వెళ్లేవి.

ఎందుకీ పిచ్చి అని ఒకసారి అడిగాను. ఆయన పటాలంలో పనిచేయలేదు, విమానం ఎక్కలేదు, ఇంట్లో ఎవరూ ఎక్కలేదు. చేతిలో పని ఆపకుండానే చెప్పాడు.

"నా అంగట్లోకి వచ్చేటోళ్లంతా కనపడాలని రంగు కొనుక్కుంటారు పాపా. అందరి మధ్యలో మేమే కనపడాలంటారు. ఇదొగటే కనపడకూడదని రంగేసుకుంటాది. కనపడేటట్ల చేసేది నాకు వచ్చు. కనపడకుండా చేసేది నేర్చుకుంటాండా."

ఇట్లాగే జరిగిపోతుందనుకున్నాను. దువ్వూరామె రాకుండా ఉంటే ఇంకొన్నాళ్లు జరిగేదేమో.

ఆమె చాలా ఏళ్లుగా వచ్చే మనిషి. కూతురి సీమంతానికి ముదురు నీలం పట్టుచీరె కొంది. దానికి మామ ఇచ్చిన ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను ముక్క విప్పి చూసి ఉలిక్కిపడ్డాను. నలుపు. సీమంతానికి నల్ల జాకెట్టు. ముక్కను తిప్పి చూశాను, వరండాలోకి తీసుకెళ్లి చూశాను. నలుపే.

అంతకు ముందు కొన్ని నెలలుగా చిన్న చిన్న తేడాలు నా కంట పడుతూనే ఉన్నాయి. తెలుపుకు మీగడ రంగు, వంగపండు రంగుకు కాఫీపొడి రంగు. కొనుక్కున్న వాళ్లు పట్టించుకోలేదు కాబట్టి నేనూ కుట్టేశాను. ఇది అట్లా వదిలేసేది కాదు. ముక్క పట్టుకుని పక్కంగట్లోకి వెళ్లాను. దువ్వూరామె చీరె పట్టుకుని నా వెనకే వచ్చింది. అంగట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లున్నారు.

"మామా, ఇది నలుపు."

ఆయన నా వైపు చూశాడు. చీరె కొంగు, ముక్క తీసుకుని రోడ్డు మీదికి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. తల పక్కకు తిప్పాడు. చటుక్కున చూశాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ చూశాడు. లోపలికి వచ్చి ముక్కను బల్ల మీద పెట్టాడు.

"నీలమే."

"నలుపు మామా. నీ కండ్లకేమైనాది?"

"ఏమ్మే, నువ్వు నాకు రంగు చెప్పేదానివైనావా? నువ్వు సూది పట్టకముందు నుంచి తాను పట్టినోన్ని. పోయి కుట్టుకోపో."

ఆయన గొంతు రోడ్డు అవతల ఇస్త్రీ బండి దాకా వినపడింది. దువ్వూరామె వైపు తిరిగి, "అమ్మా, మీరే చూడండి" అన్నాను. ఆమె ముక్క చూసింది, ఆయన్ను చూసింది. "శెట్టి ఎండలో చూసిచ్చినాక తప్పెట్లయితాదమ్మా?" అంది. నేను కుట్టనన్నాను. ఆమె ఇంకెవరి దగ్గరో కుట్టించుకుంది.

తర్వాత పది పన్నెండు రోజులు మామ నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పట్టుదలలో నేనేం తక్కువ తినలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం దువ్వూరామె వచ్చింది. సీమంతంలో పీట మీద కూర్చోబెట్టాక అత్తగారి వైపు పెద్దామె ఎవరో జాకెట్టు పట్టి చూసి నలుపని చెప్పిందట. నిండు కడుపుతో ఉన్న పిల్లను అందరి ముందు పీట మీద నుంచి లేపి, లోపలికి తీసుకెళ్లి, ఎవరిదో వదులు జాకెట్టు తొడిగి తెచ్చి మళ్లీ కూర్చోబెట్టారట. పిల్ల గాజులు వేయించుకున్నంతసేపూ ఏడుస్తూనే ఉందట. ఇదంతా ఆమె నాకు చెప్పింది. ఆయనకేమీ చెప్పలేదు. ఆయన ముందుకు వెళ్లి జాకెట్టు బల్ల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. అరిచి గోల చేసి ఉంటే ఆయనకు బాగుండేది. నేను నా గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆయన ఆ జాకెట్టును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. దాన్ని రోడ్డు మీదికి తీసుకెళ్లలేదు. నాకు ఆయన మీదున్న కోపమంతా ఆ క్షణంలో నీరైపోయింది. సీమంతంలో జరిగింది నేనే వెళ్లి చెప్పాను.

ఆ వారంలోనే అత్తను వెంటబెట్టుకుని జమ్మలమడుగులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నారు. పొర పసుపుగా ఉంటుందట, నీలాలన్నీ దాని వెనక మునిగిపోతాయట. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. షుగరు తగ్గాక రెండోది చేస్తామన్నారు.

నల్లకళ్లద్దాలతో ఇంటికొచ్చిన రోజు ఆయన అన్నం కూడా తినకుండా మేడెక్కాడు. కాసేపటికి పైనుంచి, "పాపా" అని పిలుపు. వెళ్లేసరికి అల్మారా తలుపులు తెరిచి ఉన్నాయి. ఆయన ఒక అరచేత్తో ఎడమకన్ను మూసుకుని విమానాలను చూస్తున్నాడు. తర్వాత కుడికన్ను మూసుకుని చూశాడు. మళ్లీ ఎడమది. విమానాలను ఒక్కొక్కటిగా వెల్లకిలా తిప్పి బల్ల మీద పెట్టాడు.

"ఈ పొట్ట రంగు ఏంది?"

"నీలం."

"ఎట్లాంటి నీలం?"

నేను నిజమే చెప్పాను. "బట్టలకు పెట్టే నీలిమందు మాదిరి ఉండాది మామా."

"నువ్వెప్పుడు చూసినావు?"

"రెండేళ్లుగా చూస్తాండా. అట్లాంటి ఇమానాలు ఉంటాయేమోలే అనుకున్నా."

ఆయన కూర్చున్నాడు. నీలం సరిగా కనపడక, కనపడేదాకా కలుపుతూ పోయాడు. ఆ పొట్టలు ఏ ఆకాశంలోనూ దాగవు. చివరి రెండు మూడేళ్లలో చేసినవన్నీ అట్లాగే ఉన్నాయి. అప్పటికి పులివెందులలో ఒక బడివాళ్లు వరండాలో అద్దాల బీరువా చేయించి, ఆయన విమానాలను పెడతామని అడిగి ఉన్నారు. బడి పండగ దగ్గర పడింది. ఆయన ఆ మాట రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పుకుంటూ మురిసిపోయేవాడు.

"అన్నీ కడిగేయల్ల" అన్నాడు.

అత్త మెట్ల మీద నిలబడి విన్నది. "బడికి మాటిచ్చినావు కదా. పిల్లోళ్లు చూసేది ఇమానాన్ని. పొట్ట ఎవరు చూస్తారు?" అంది.

"నా కంటికి జబ్బు వస్తే అది ఇమానాలెందుకు మోయల్ల?"

"పండగ అయినాంక కడుక్కో."

"దువ్వూరు పిల్లను పీట మీంచి లేపినారు. దాన్ని నేను కడగలేను. ఇయ్యన్నా కడగతా."

ఆ పూటే బడి ప్రిన్సిపాలమ్మకు ఫోను చేసి పండగకు పంపలేనన్నాడు. రంగు తప్పని ఎవరంటారు సార్ అని ఆమె నవ్వితే, "నేనంటా" అని పెట్టేశాడు. డాక్టరు నెల రోజులు దుమ్ము, వాసన తగలకూడదన్నాడు. రంగు చూడ్డానికి రోడ్డు మధ్యలో నిలబడి లారీలను కూడా ఆపించిన మనిషి, నెల రోజులు ఆగాడు. చుక్కల మందు వేయించుకుంటూ నా గదిలో స్టూలు మీద కూర్చునేవాడు. ఆపరేషన్ కాని కన్ను అడ్డొస్తోందన్నాడు. నల్ల లైనింగు గుడ్డతో దానికొక గంత కుట్టి, రబ్బరు తగిలించి ఇచ్చాను. అది కట్టుకుంటే సముద్రపు దొంగలా ఉన్నావన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆ స్టూలు మీద కూర్చునే ఒకరోజు ఆ మాటన్నాడు. క్షమించమని కాదు, అది ఆయన నోట రాదు. దారాల డబ్బాలో వేలు పెట్టి కెలుకుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇంకమీద నా రంగు తప్పని తోస్తే ఆ పొద్దే చెప్పు. నేను అరుస్తా. నాకు అరిచేది అలవాటైపోయినాది. అరిచినా చెప్పు."

"చెప్తాలే."

"ఊరికే చెప్తాలే అంటే కాదు. నేను తిట్టినా, నీ గడప తొక్కనని పోయినా, చెప్పల్ల."

"చెప్తా మామా."

నెల అయింది. ఒక్కో విమానాన్ని స్పిరిట్‌లో ముంచి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, ప్లాస్టిక్కు బయటపడేదాకా కడిగాడు. రోజుల తరబడి చేసిన పని బకెట్లో పచ్చగా, మట్టిగా, నీలంగా కరిగిపోతుంటే చూడలేక నేను కిందికి దిగి వచ్చేశాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పొట్ట, వీపు, మచ్చలు. నేను కాగితాలన్నీ మళ్లీ కత్తిరించాను. గంతతో, ఒక్క కన్నుతో దూరం సరిగా అందక గన్ను రెక్కకు తగిలేది. తగిలినప్పుడల్లా ఆ రెక్క మళ్లీ కడిగేవాడు. ఒక్కటి అయ్యాక కిందికి తెచ్చి, నా మిషను మీద వెల్లకిలా పెట్టి, కళ్లు నా మొహం మీద పెట్టేవాడు. నేను విమానాన్ని చూస్తే ఆయన నన్ను చూసేవాడు. ప్రొద్దుటూరులో ఆయనకు రంగు చెప్పే మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను. అందుకు నాకెంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆరు నెలలకు కాబోలు, కారు మాట్లాడుకుని పులివెందుల వెళ్లి బడిలో ఇచ్చి వచ్చాం. అట్టపెట్టెలు ఆయన ఒళ్లో కొన్ని, నా ఒళ్లో కొన్ని. దారి పొడవునా డ్రైవరును గుంతలు చూసి పోనీమని పీడించాడు. అంగట్లో మాత్రం ఆయన మళ్లీ ఎవరికీ రంగు చూసివ్వలేదు. ఆ పని అంగట్లో పనిచేసే అమ్మాయిలకు వదిలేశాడు. షుగరు తగ్గలేదు, రెండో కంటి ఆపరేషను వాయిదా పడుతూ వచ్చింది.

చివరి విమానం వీపు మీద నాలుగు రంగులది. అంతకు ముందెప్పుడూ నాలుగు వేయలేదు. రెండు నెలలు పట్టింది. ఒక సాయంత్రం తెచ్చి నా మిషను మీద పెట్టాడు. వీపు మీది బెల్లం రంగు, పాచి పచ్చ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బురదలా ఉన్నాయి. ఆయన మొహం చూశాను. ఎంత ఆశగా ఉందంటే, బాగుందని ఆ పూటకు చెప్పేసి ఊరుకోవచ్చనిపించింది. ఆయన కాళ్లకు అప్పటికే నీరు పట్టింది.

"ఈ పచ్చ తప్పు మామా."

"ఏం తప్పు?"

"పసుపెక్కువైనాది. మట్టి రంగు పక్కన మురికిగా ఉండాది."

"కనపడకూడదనే కదమ్మే ఏసేది?"

"కనపడకుండా ఉండేది వేరు, మురికిగా ఉండేది వేరు. నువ్వే చెప్పినావు నాకు."

అరిచాడు. మామూలు అరుపు కాదు. నాకు కళ్లు నెత్తికెక్కాయన్నాడు. సూదీ దారం తప్ప ఏం తెలుసన్నాడు. విమానం తీసుకుని, నా గడప తొక్కనని చెప్పి మరీ వెళ్లిపోయాడు. ఇస్త్రీ బండి దగ్గర జనం తలలు తిప్పి చూశారు. నేను జాకెట్టు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఆయన వెనక వెళ్లలేదు.

మర్నాడు నేను గది తీసేసరికే గుమ్మంలో ఉన్నాడు. చేతిలో విమానం. ఒక్క చుక్క రంగు లేదు, బూడిద రంగు ప్లాస్టిక్కు ఎట్లా పుట్టిందో అట్లా ఉంది. వేళ్లకు స్పిరిట్ వాసన.

"చూడు."

"ఏముంది చూసేదానికి? బోడి ఇమానం."

"పొద్దున ఎండలో చూసినా. నువ్వు చెప్పింది నిజమే." అంతే అని కాళ్లీడ్చుకుంటూ పక్కంగట్లోకి వెళ్లిపోయాడు. ఆ మాట ఆయన నోట నేను మొదటిసారి విన్నాను. రెండోసారి వినే వీలు లేకపోయింది. ఆ వారం దాటకుండానే గుండె ఆగి పోయాడు.

కర్మలన్నీ అయ్యాక అత్త నన్ను మేడ మీదికి పిలిచింది. బడికి ఇవ్వగా మిగిలిన, కొత్త పొట్టలతో ఉన్న విమానాల మధ్య ఆ బూడిద రంగుది ఒక్కటే ఉంది. బంధువులు తలా ఒక మాటన్నారట. ఎవరితోనైనా రంగు కొట్టించమని కొందరు, అంతటి పని సగంలో ఆగిపోయిందే అని ఇంకొందరు. అత్త కొంగుతో దాని రెక్క తుడుస్తూ, "నువ్వు ఆ పొద్దు గమ్మునుండింటే ఇది రంగుతో ఉండేది కదమ్మా" అంది. తప్పు పట్టినట్టు అనలేదు, బాధతో అంది. అయినా గుచ్చుకుంది.

ఆ మాట నేను ఆ రాత్రే కాదు, చాలా రాత్రులు తలుచుకున్నాను. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు పశ్చాత్తాపం రాలేదు. ఆయన నన్ను చెప్పమన్నాడు. చెప్పాను. అరిచాడు, వెళ్లాడు, రాత్రంతా ఆలోచించాడు, ఎండ వచ్చేదాకా కాచుకుని చూశాడు, రెండు నెలల పనిని ఆ నీరు పట్టిన కాళ్లతో నిలబడి కడిగాడు. బాగుందని నేనొక అబద్ధం చెప్పి ఉంటే ఆయన మురికి రంగు ఒకటి చేసి పోయి ఉండేవాడు.

అత్తను ఒప్పించి ఆ విమానాన్ని నేనే పులివెందుల తీసుకెళ్లాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ప్రిన్సిపాలమ్మ బీరువా తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పూర్తి కాలేదు కదమ్మా, దీన్ని కూడా పెట్టమంటారా?" అని మర్యాదగానే అడిగింది.

నాకు కోపమొచ్చింది. ఆమె తప్పేమీ లేదు, అయినా వచ్చింది.

"పూర్తయింది మేడమ్" అన్నాను. "ముందు వరసలో పెట్టండి."

ఆమె పెట్టేదాకా అక్కడే నిలబడ్డాను.